చెట్టును చూడరు, చేవ మాత్రం లెక్కపెడతారు

మా రోజుల్లో మదనపల్లె వైపు గంధం మొక్కను ఎవరూ పనిగట్టుకుని నాటేవారు కాదు. పిట్టలు పండు తిని కంచెల్లో గింజ వేసేవి, అదే మొలిచేది. సరిహద్దు దాటితే మైసూరు సీమ. అక్కడ 1792లో టిప్పు సుల్తాను దాన్ని రాజవృక్షం చేసిన నాటి నుంచి 2001లో కర్ణాటక చట్టం మారేదాకా, సొంత పొలంలో మొలిచినా అది రైతుది కాదు. అది అన్యాయమే. అయినా కంచె కొట్టే కూలీకి కూడా ఒక సంగతి తెలుసు: గంధం పక్కనున్న చెట్టు మీద కత్తి వేయకూడదు. గంధం వేరు పక్క చెట్టు వేరును పట్టుకుని నీళ్లూ సత్తువా లాక్కుంటుంది. ఒంటరిగా వదిలితే గిడసబారిపోతుంది.

ఇప్పుడు ఇక్కడ ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో, గంధం ఆకు ఎలా ఉంటుందో చూడనివాళ్లు కూడా చెట్టుకు ఎన్ని కిలోల చేవ వస్తుందో గడగడా చెబుతారు. గంధం తోటలున్న కునునర్రా రోడ్డు దారిన మూడు వేల కిలోమీటర్ల పైన ఉంది. ఆర్డ్ నది నీళ్లు పారే ఆ నేల మన నల్లరేగడే అనుకోండి: ఎండితే నెర్రెలిస్తుంది, తడిస్తే జిగురవుతుంది. వానాకాలంలో సాళ్లలో నీళ్లు నిలిచాయా, గంధం వేరు ఊపిరాడక చస్తుంది. అందుకే బోదెల మీద నాటుతారు.

అక్కడి పనివాళ్ల ఓపికకు మాత్రం దండం పెట్టాలి. కుండీలోనే మన పొన్నగంటికూర జాతి మొక్కను తోడు పెడతారు. ఆ మట్టి మెల్లగా విదిలిస్తే పొన్నగంటి వేళ్లకు గసగసాలంత తెల్లటి బొడిపెలు అంటుకుని ఉంటాయి. గంధం నోరు అదే. పొలంలోకి వెళ్లాక కొన్నేళ్లు అవిశ జాతి చెట్టు సాకుతుంది. అది పోయేలోగా జిట్రేగి జాతి చెట్టు అందుకోవాలి. తోడు చెట్టు మరీ ఏపుగా పెరిగితే నీడకు గంధం కుంగుతుంది, బక్కచిక్కితే పస్తుంటుంది. కొమ్మలు కొడుతూ, కనిపెట్టుకుంటూ పదిహేనేళ్లు కాచుకోవాలి. మన రైతులు మొదట్లో కంది పెట్టేదీ ఈ తోడు కోసమే.

పన్ను కలిసొస్తుందని చెట్ల పథకాల్లో డబ్బు పోసినవాళ్ల గతి ఈ దేశం చూసింది. 2009లో టింబర్‌కార్ప్, గ్రేట్ సదర్న్ కంపెనీలు కూలిపోయాయి. గంధం తోటల కంపెనీ క్వింటిస్ 2018లో దివాలా అడ్మినిస్ట్రేటర్ల చేతికి వెళ్లింది. అయినా బుద్ధి రాలేదు.

మొన్న మా మనవడి ఈడు కుర్రాడొకడు ఏదో గంధం చెట్ల పథకం కాగితాలు తెచ్చి, "తాతగారూ, రాబడి ఎలా ఉంటుందంటారు?" అన్నాడు. అవిశ పోయాక పక్కన ఏ చెట్టుందిరా, వానకు సాళ్లలో నీళ్లు ఎన్నాళ్లు నిలుస్తాయి, కొమ్మలు ఎవరు కొడతారు అని అడిగాను. కాగితాలన్నీ తిరగేసి, అవేవీ రాయలేదన్నాడు.

"అయితే ఒక్క డాలరు కూడా కట్టకు" అన్నాను.