ఎండ, వాన, వాచ్‌మన్

హైదరాబాదులో సైకిల్ మీద ఆఫీసుకు వెళ్ళేవాడికి లోకం మూడు కారణాలు మంజూరు చేసింది. బండి రిపేరుకిచ్చి ఉండాలి. లేదా షుగర్ వచ్చిందని డాక్టరు భయపెట్టి ఉండాలి. అదీ కాకపోతే పెట్రోలుకు డబ్బుల్లేక ఉండాలి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి హిమాయత్‌నగర్ దాకా రోజూ సైకిల్ తొక్కే మనవాడు మొదట్లో "ఊరికే, ఇష్టమండీ" అనేవాడు. విన్నవాళ్ళు సానుభూతిగా తలూపి, అతను అటు వెళ్ళగానే "షుగరే" అని తేల్చేసేవారు. అందుకని ఇప్పుడు సోమ, మంగళవారాలకు బండి రిపేరు, మిగతా రోజులకు షుగర్ అని కేటాయించుకున్నాడు. అందరూ సంతోషంగా ఉన్నారు.

కృష్ణా, గుంటూరు వైపు వెళితే నాలుగో కారణం కూడా ఉంది. 1982లో పుట్టిన తెలుగుదేశం పార్టీ గుర్తు సైకిల్. ఎన్నికల ముందు సెలవు పెట్టి సొంతూరు వెళ్ళిన మనవాడు పాల ప్యాకెట్ కోసం తమ్ముడి సైకిలెక్కి వీధి చివరికి వెళ్ళొచ్చేలోగా, "ఏం బాబాయ్, ఈసారి నువ్వు కూడా దిగుతున్నావా?" అని అరుగుల మీద నుంచి పలకరింపులు. పాల ప్యాకెట్ చూపించినా ఎవరూ నమ్మలేదు. పంపకం మొదలైందనుకున్నారు.

"మనవాడు" ఎవరో పాఠకులు ఈపాటికి పసిగట్టే ఉంటారు. వ్యాసకర్త మొహమాటస్థుడు, అంతే.

సైకిల్ తొక్కేవాడికి ఇంగ్లీషు నెలలు పెద్దగా పనికిరావు. ఆరు ఋతువులు అసలే పనికిరావు. పంచాంగం వసంతమని రాసిన రోజుల్లోనే ఇక్కడ చెమట చొక్కా దాటి బెల్టుకు చేరుతుంది. రైతుకు పనికొచ్చే లెక్కే ఇతనికీ పనికొస్తుంది, అది కార్తెల లెక్క. సూర్యుడు ఒక్కో నక్షత్రం దగ్గర పదమూడు, పధ్నాలుగు రోజులుంటాడు కాబట్టి ఏడాదికి 27 కార్తెలు. రెండు వారాలకోసారి మారే క్యాలెండరన్నమాట. ట్యూబులో గాలి కూడా ఇంచుమించు అంతే కాలం ఉంటుంది.

వీటిలో పెద్దది రోహిణి, మే 25 ప్రాంతంలో మొదలవుతుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని సామెత. అపార్ట్‌మెంట్లలో రోళ్ళు లేవు గనక పగలడానికి ట్యూబులు మిగిలాయి. ఎప్పుడో అతికించిన పంచరు ముక్క కింద సొల్యూషన్ ఆ వేడికి మెత్తబడి, ముక్క ఒక అంచు లేస్తుంది. మూసారాంబాగ్ సిగ్నల్ దగ్గర "స్స్" అని వినిపిస్తే అది వెనక ఆటోవాడి విసుగైనా కావచ్చు, మనవాడి వెనక చక్రమైనా కావచ్చు. బేగంపేటలో వాతావరణ శాఖ రాసుకున్న రికార్డు 45.5 డిగ్రీలు, తేదీ 1966 జూన్ 2. అది కూడా రోహిణి కార్తే. సామెత కట్టినవాళ్ళకు థర్మామీటరు లేదు, అయినా తప్పలేదు.

జనం అనుకునేది ఎండలో సైకిల్ తొక్కడం కష్టమని. తొక్కడం కాదు, ఆగడం కష్టం. గంటకు పదిహేను కిలోమీటర్ల వేగంతో పోతున్నంతసేపు గాలి తగిలి చెమట ఆరుతుంది, ఒళ్ళు చల్లబడుతుంది. ఎర్ర లైటు పడగానే ఆ గాలి ఆగిపోతుంది, చెమట మాత్రం ఆగదు. పక్కన అద్దాలెత్తిన కారుంటుంది. లోపలివాళ్ళు చల్లగా ఉండాలంటే లోపలి వేడిని ఏసీ బయట ఎక్కడో పారెయ్యాలి కదా, ఆ ఎక్కడో అన్నది మనవాడి మోకాలు. అందుకని అతను సిగ్నల్‌ని దూరం నుంచే చదువుతాడు. బోర్డు మీద ఇంకా తొంభై సెకన్లుందంటే అక్కడికి చేరే తొందరేమీ పెట్టుకోడు, వేపచెట్టు నీడలో తొక్కీ తొక్కనట్టు పెడల్ తిప్పుతూ వస్తాడు. వెనక హారన్ కొట్టినవాడు ముందుకు దూసుకెళ్ళి అదే లైటు దగ్గర ఎండలో ఆగి ఉంటాడు.

2018లో ఈ వైపు మెట్రో రైలు వచ్చింది. జనానికి ఏసీ బోగీలు వచ్చాయి, మనవాడికి నీడ వచ్చింది. పొద్దున పూట ఆ పట్టాల కింది నీడ దిల్‌సుఖ్‌నగర్ నుంచి వచ్చే దారికి ఎడమ పక్కన పడుతుంది. టికెట్ లేకుండా మెట్రోని వాడుకుంటున్న ప్రయాణికుడు ఇతనొక్కడే.

జూన్ 8 ప్రాంతంలో మృగశిర వస్తుంది. ఊరంతా చేపలు కొనుక్కుంటుంది. మనవాడు శాకాహారి, అయినా తొలివాన పడిన ఆ సాయంత్రం ఉసిళ్ళు తినక తప్పదు. వీధి దీపాల కింద అవి తెరలు తెరలుగా లేస్తాయి. నోరు మూసుకుని తొక్కితే ముక్కుతో ఊపిరి చాలదు, తెరిస్తే ఆహార నియమం చెడుతుంది.

నైరుతి రుతుపవనాల గురించి వార్తల్లో మ్యాపు మీద బాణం గుర్తులు వేసి చూపిస్తారు. ఆ బాణాలు మనవాడికి మోకాళ్ళలో తెలుస్తాయి. ఈ నెలల్లో గాలి పడమటి నుంచి వీస్తుంది, ఆఫీసు ఉన్నది వాయవ్యంలో. అంటే పొద్దున పోయేటప్పుడు ఎదురుగాలి. గాలి వేగం రెండింతలైతే ఒంటి మీద దాని ఒత్తిడి నాలుగింతలవుతుంది, అందువల్ల హ్యాండిల్ మీదికి వంగిపోయి తొక్కాలి. చూసేవాళ్ళకు అది వినయంలా కనిపిస్తుంది. చలికాలంలో గాలి తూర్పుకు తిరుగుతుంది, అప్పుడు ఆఫీసుకు తేలిగ్గా చేరుస్తుంది, ఇంటికి రానివ్వదు. ప్రకృతి యాజమాన్యం వైపే ఉందని మనవాడికి గట్టి నమ్మకం.

వానలో అసలు సంగతి బ్రేకులు. మనవాడిది నల్ల రంగు పాత సైకిల్, కడ్డీల బ్రేకు. తడిసిన ఇనుప రిమ్ము మీద రబ్బరు కట్ట పట్టు దొరక్క జారుతుంది, అందుకని బ్రేకు నొక్కిన చోటికీ సైకిల్ ఆగిన చోటికీ మధ్య రెండు మూడు దుకాణాలు ఉంటాయి. వానాకాలంలో చెప్పులే బ్రేకులు. సీటుకు పాలిథిన్ సంచి తొడుగుతాడు, అది సీటును కాపాడుతుంది గాని పైన కూర్చునేవాణ్ణి కాదు. రెయిన్‌కోటు వేసుకుంటే పై నుంచి వాన రాదు, లోపల చెమట పోదు. తడిసేది ఎలాగూ తప్పదు, ఏ నీళ్ళలో అన్నదొక్కటే తేల్చుకోవాలి.

మధ్యలో మూసీ. మూసారాంబాగ్, అంబర్‌పేటల మధ్య పాత వంతెన ఎంత కిందుగా ఉండేదంటే, ఎగువన గేట్లెత్తితే నది వంతెన మీద నుంచి నడిచేది. 2022 జూలైలో అలాగే మూసేశారు, 2025 సెప్టెంబరులోనూ మూసేశారు. 1908 సెప్టెంబర్ 28న మూసీ ఊరిని ముంచెత్తాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద ఎగువన రెండు జలాశయాలు కట్టారు. 1920లో గండిపేట, అంటే ఉస్మాన్‌సాగర్. 1927లో హిమాయత్‌సాగర్. చరిత్ర విద్యార్థికి ఇవి పరీక్షలో వచ్చే సంవత్సరాలు. మనవాడికి ఇంకో రెండు అంకెలు ముఖ్యం: గండిపేట పూర్తి నీటిమట్టం 1790 అడుగులు, హిమాయత్‌సాగర్‌ది 1763.5. పీఎఫ్ ఖాతాలో ఎంతుందో అడిగితే బిక్కమొహం వేస్తాడు గాని, గండిపేటలో నిన్న సాయంత్రం ఎన్ని అడుగులుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. 1789 దాటిందంటే మరుసటి రోజు చాదర్‌ఘాట్ పెద్ద వంతెన మీదుగా చుట్టు తిరగాల్సి వచ్చేది. మలక్‌పేట రైలు వంతెన కింద నీళ్ళు నిలిస్తే ఆ చుట్టుకు ఇంకో చుట్టు. అప్పుడప్పుడు అతను బయలుదేరిన చోటికే తిరిగి వచ్చి, భార్య చేతి రెండో కాఫీ తాగి మళ్ళీ బయలుదేరేవాడు.

ఇంతా చేసి వేళకు ఆఫీసు చేరతాడు. పంచింగ్ యంత్రం తడి వేలిని గుర్తుపట్టదు. తుడుచుకుని మళ్ళీ పెడతాడు. తడిసి వేళకొచ్చినవాడికి శుభ్రత తెలియదని పేరు. కారులో పొడిగా గంట ఆలస్యంగా వచ్చినవాడు ట్రాఫిక్ బాధితుడు, అతనికి టీ.

ఎండనీ వాననీ ఎదుర్కోవచ్చు. గేటు దగ్గర రిజిస్టరును ఎదుర్కోవడం కష్టం.

ఆ రిజిస్టరులో "వెహికిల్ నంబర్" అని ఒక గడి ఉంటుంది. సైకిల్‌కు నంబరుండదు. మోటారు వాహనాల చట్టం దాన్ని పట్టించుకోదు, లైసెన్సు అడగదు, ఇన్సూరెన్సు అడగదు. వాచ్‌మన్ మాత్రం అడుగుతాడు. "నంబరు లేకుంటే ఎట్ల సార్? ఎంట్రీ ఎట్ల రాసుకోవాలె?" అని అతని బాధ. "సైకిల్ అని రాయి తమ్మీ" అంటే, "అది బండి పేరు సార్, నంబరు కాదు." వాదన న్యాయంగానే ఉంది. చివరికి ఇద్దరూ కలిసి మనవాడి ఉద్యోగి నంబరునే సైకిల్‌కు ఇచ్చారు. అప్పట్నుంచీ రికార్డుల ప్రకారం రోజూ గేటు లోపలికి వస్తున్నది సైకిలా, ఉద్యోగా అన్నది తేలలేదు.

ఒకప్పుడు ఈ చిక్కు లేదు. సైకిల్‌కు మున్సిపాలిటీ పన్ను ఉండేది, కట్టినవాళ్ళకు బిళ్ళ ఇచ్చేవారు. రాత్రి దీపం లేకపోతే పోలీసు ఆపేవాడు, డబుల్స్ ఎక్కించుకుంటే ఆపేవాడు, చక్రాల్లో గాలి తీసేసేవాడు. ఇప్పుడు ఆ రెండు నేరాలూ ఒకేసారి చేసుకుంటూ పోయినా ఏ పోలీసూ తలెత్తి చూడడు. గౌరవం పోవడమంటే ఇదేనని మనవాడి అభిప్రాయం.

అలాగని అన్ని సైకిళ్ళకూ పోలేదు. అదే ఆఫీసులో కుర్ర ఇంజనీరు ఒకడు గేర్ల సైకిల్ మీద వస్తాడు. దాని ఖరీదుకు ఓ మాదిరి సెకండ్‌హ్యాండ్ మోటార్ సైకిల్ వస్తుంది. హెల్మెట్టు, నల్లద్దాలు, మోకాళ్ళ దాకా బిగుతు లాగు. అతనికి వాచ్‌మన్ లేచి సలాం కొడతాడు, సైకిల్‌ని లిఫ్టులో పైకి తీసుకెళ్ళనిస్తాడు. అతన్ని షుగర్ ఉందా అని ఎవరూ అడగరు, "ఎన్ని గేర్లు బ్రో?" అని అడుగుతారు. మనవాడి సైకిల్ జనరేటర్ వెనక, విరిగిన కుర్చీల సరసన ఉంటుంది.

ఆ కుర్రాడు ఆదివారాలు సైకిల్‌ని కారు వెనక కట్టుకుని ఔటర్ రింగ్ రోడ్డుకు వెళతాడు. 2023 అక్టోబరులో అక్కడ 23 కిలోమీటర్ల సైకిల్ దారి తెరిచారు, పైన సోలార్ పలకల కప్పు, 16 మెగావాట్ల కరెంటు. నీడ, వెలుతురు, సాఫీ రోడ్డు. చూసి తీరాల్సిందే, మనవాడు ఒప్పుకుంటాడు. కాకపోతే దిల్‌సుఖ్‌నగర్ నుంచి అక్కడికి సైకిల్ మీద చేరేసరికి, ఇక సైకిల్ తొక్కే ఓపిక ఉండదు. ఫిన్లాండులో ఊలు అనే పట్నం ఉంది, మంచులో కూడా పిల్లలు బడికి సైకిళ్ళ మీద పోతారు. 2013లో చలికాలపు సైకిలింగ్ మీద అంతర్జాతీయ సదస్సు పెట్టుకున్నది కూడా అక్కడే. అక్కడి దార్లు ఇళ్ళ దగ్గర మొదలై బడి దగ్గర ముగుస్తాయి. మనవాడికి ఆ ఊరి మీద ఉన్నది అసూయ కాదు, చిన్న సందేహం: అక్కడ వాచ్‌మన్లు ఏం రాసుకుంటారు?

అక్టోబరు రెండో వారంలో చిత్త కార్తె. ఈ కార్తెకూ కుక్కలకూ ఉన్న సంబంధం తెలుగువాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఈ రోజుల్లో అవి లోకం మీద కోపంగా ఉంటాయి, కదిలే చక్రం కనిపిస్తే ఆ కోపానికి చిరునామా దొరుకుతుంది. బర్కత్‌పురా సందులో రాత్రి ఎనిమిదింటికి నాలుగు కుక్కలు వెంటపడితే, ఎంత వేగంగా తొక్కితే అంత ఉత్సాహంగా వస్తాయి. సైకిల్ దిగి నింపాదిగా నడవడమొక్కటే మార్గం. చక్రం మెల్లబడగానే అవి ఒకదాని మొహం ఒకటి చూసుకుని, ఎందుకొచ్చామో మరిచిపోయి వెనక్కి పోతాయి. ఈ ఉపాయం మనవాడు ఆఫీసు మీటింగుల్లో కూడా వాడి చూశాడు, అక్కడ పనిచెయ్యలేదు.

చలికాలం గురించి హైదరాబాదీలు చెప్పేంత ఏమీ ఉండదు. 1946 జనవరి 8న బేగంపేటలో 6.1 డిగ్రీలకు పడిపోయిందట, అది రికార్డు. మామూలు ఏళ్ళలో మంకీ క్యాపుతో సరిపోతుంది. అది పెట్టుకుంటే తోటి ఉద్యోగులు గుర్తుపట్టరు, కాబట్టి రెండు నెలలు షుగర్ ప్రశ్న ఉండదు. సంక్రాంతి వారం మాత్రం మెడకు మఫ్లరు తప్పదు, చలికి కాదు. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించింది. అయినా తెగిన పతంగుల దారాలు రోడ్డుకు అడ్డంగా, సరిగ్గా మెడ ఎత్తున వేలాడుతూనే ఉంటాయి. కంటికి కనబడవు. ఈ ఒక్క విషయంలో మనవాడు జోకులు వెయ్యడు. ఆ వారం మెల్లగా తొక్కుతాడు.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది. మనవాడు సైకిల్‌ని ఓవరాయిలింగ్‌కు వేస్తాడు. అంబర్‌పేటలో వేపచెట్టు కింద పంపు, నీళ్ళ బొచ్చె, పానాలు, అంతే దుకాణం. పెద్దాయన చక్రాలూడదీసి, బేరింగు గుండ్లు కిరోసిన్‌లో కడిగి, రిమ్ముకు బెండు తీస్తూ మాట్లాడతాడు.

"ఎండలు ముదరక ముందే మంచిగ తెచ్చినవ్ సార్. జూన్ల తెస్తే నీకు లైను దొరకది. వానలు పడ్డంక నా కాడ సైకిళ్ళు ఈడికెళ్ళి ఆడిదాంక నిలబడ్తయ్."

మనవాడి ఛాతీ ఉప్పొంగింది. "వానల్లో కూడా అంతమంది తొక్కుతున్నారా తాతా?"

"తొక్కుడెందుకు సార్? అమ్ముకునేటందుకు తెస్తరు."