పూల్ ప్రాక్టీస్‌కి అనుభవజ్ఞుడి సలహాలు

ప్రాక్టీస్ చేస్తే పూల్ వస్తుందనే పుకారు ఈమధ్య మల్కాజ్‌గిరిలోనూ తిరుగుతోంది. నమ్మకండి. గంట లెక్కన డబ్బులు కట్టి, ఒక్కడే నిలబడి, అదే షాట్ మళ్లీ మళ్లీ కొట్టేవాణ్ణి చూసి జాలిపడాలిగానీ వాణ్ణి పట్టుకుని వేలాడకూడదు. మన పద్ధతి వేరు. నలుగురం వెళ్తాం, ఓడినవాడు టేబుల్ డబ్బులు కడతాడు. కాబట్టి మీకన్నా బాగా ఆడేవాణ్ణి పొరపాటున కూడా పిలవకండి. నిన్ననే క్యూ పట్టుకున్న మేనమామ కొడుకెవరైనా ఉంటే సఫిల్‌గూడ నుంచైనా సరే, బండెక్కించుకుని తెచ్చుకోండి. ఆట పెరగకపోయినా పర్సు తరగదు.

బ్రేక్ కొట్టేటప్పుడు రెండు కాళ్లూ గాల్లోకి లేవాలి. కనీసం ఒక పాదం నేలను తాకుతూ ఉండాలని రూల్స్‌లో ఉంది; అది పొట్టివాళ్ల మీద కక్షతో రాసిన రూల్. బ్రేక్ అయ్యాక తెల్ల బాల్ టేబుల్ మధ్యలో ఆగేలా కొట్టి, తర్వాతి షాట్‌కి దారి చూసుకునేవాళ్లుంటారు. పిరికివాళ్లు. మీ తెల్ల బాల్ ఎగిరి పక్క టేబుల్ వాళ్ల సమోసాల్లో పడిందంటే చెయ్యి తిరిగినట్టే.

అన్నిటికన్నా ప్రమాదకరమైంది దెయ్యంతో ఆట. తొమ్మిది బాల్స్ పేర్చి బ్రేక్ కొడతారు. తర్వాత తెల్ల బాల్‌ని చేత్తో తీసి నచ్చినచోట పెట్టుకుంటారు. అక్కణ్ణుంచి ఒకటి, రెండు, మూడు అని అంకెల వరసలో మిగిలినవన్నీ వేసెయ్యాలి. ఒక్కటి తప్పినా ఆ గేమ్ దెయ్యానిదే, ఎందుకంటే దెయ్యం గురి ఎప్పుడూ తప్పదు. ఎవరు ముందు ఏడు గేమ్‌లు గెలిస్తే మ్యాచ్ వాళ్లది. తొమ్మిది మరీ కష్టమైతే మూడు బాల్స్‌తో మొదలుపెట్టి, ఆ దెయ్యాన్ని ఓడించాక నాలుగుకు వెళ్తారు. దీంతో ఎన్నో బాల్ దగ్గర మీ చెయ్యి వణుకుతుందో మీకే తెలిసిపోతుంది. డబ్బులిచ్చి మరీ అంత అవమానం ఎందుకు చెప్పండి? పైగా దెయ్యం టేబుల్ డబ్బుల్లో వాటా ఇవ్వదు. "నలుగురం వంతులవారీగా ఆడదాం, ఎవరెన్ని వేశారో కాగితం మీద రాసుకుందాం" అనేవాడు ప్రతి గుంపులోనూ ఒకడుంటాడు. వాణ్ణి చాయ్ తెమ్మని కిందికి పంపండి. వాడు మెట్లెక్కి వచ్చేలోపు మామూలు ఆట మొదలెట్టేయొచ్చు.

ఏ బాల్ ఏ పాకెట్‌లోకో ముందే చెప్పి కొట్టాలని ఇంకో చాదస్తం. స్ట్రెయిట్ పూల్ అనే ఆటంతా ఇదే. అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 1954లో విల్లీ మోస్కోనీ ఇలాగే వరసగా 526 బాల్స్ వేశాడు. ఆయనకి వేరే పనిలేదు. మీరు మాత్రం బలమంతా పెట్టి కొట్టండి. ఆరు పాకెట్లున్నాయి, ఏదో ఒకదాంట్లో ఏదో ఒకటి పడకపోదు. పడ్డాక "దానికే కొట్టా మామా" అనండి. పడకముందు అనకండి, కొత్తవాళ్లు దెబ్బతినేది అక్కడే.

చాక్ ప్రతి షాట్‌కి ముందూ రాయక్కర్లేదు. షాట్ తప్పాక, క్యూ చివరికేసి అనుమానంగా చూస్తూ నిదానంగా రాయండి. తప్పెవరిదో అందరికీ అర్థమవుతుంది.

ఇంతకీ 1875లో జబల్‌పూర్‌లో నెవిల్ చాంబర్లేన్ అనే బ్రిటిష్ ఆర్మీ ఆఫీసరు స్నూకర్‌ని పుట్టించింది వానాకాలంలో పొద్దుపోకేనని చెబుతారు. కంటోన్మెంట్ పక్కనే ఉన్నవాళ్లం, ఆ సంప్రదాయాన్ని నిలబెట్టాల్సింది మనమే. పొద్దుపోతే చాలు, ఆట మెరుగుపడాలని ఎవరు ఏడ్చారు?

టేబుల్ మీది గుడ్డ చిరిగితే మాత్రం పార్లర్ వాళ్లు డబ్బులు వసూలు చేయకుండా వదలరు. ఆ షాట్ మీది కాదని ఒట్టేసి చెప్పే ఫ్రెండ్‌ని ముందే మాట్లాడి పెట్టుకోండి.