నేను పోలేదు

నన్ను ఎస్‌ఎంపీఎస్ అంటారు. కంప్యూటర్ డబ్బాలో వెనకవైపు ఓ మూల నాలుగు స్క్రూలతో బిగించి ఉండే ఇనప పెట్టెని. ఇళ్లలో ఆ డబ్బా మొత్తాన్నీ 'సీపీయూ' అనేస్తారు. అసలు సీపీయూ అగ్గిపెట్టెంత ఉంటుందేమో, పేరంతా దానిదే. నా పేరు బయటికొచ్చే సందర్భం ఒక్కటే, కంప్యూటర్ ఆన్ కానప్పుడు. అప్పుడు అందరూ ఒకే మాట అంటారు: "ఎస్‌ఎంపీఎస్ పోయింటది." బతికుండగా ఎవరూ తలుచుకోరు, పోయిందనడానికి మాత్రం తొందర.

నా ఒంటి మీద స్టిక్కర్‌లో 450 వాట్లని రాసి ఉంటుంది. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో మా పెద్దాయనది 63.5 వాట్లే. ఆయనకంటే నేను ఏడు రెట్లు మోయగలనని గొప్పలు పోవడం లేదు, పని అదే. గోడలోంచి 230 వోల్టుల కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతూ వస్తుంది. దాన్ని ఒకే వైపు పారేలా మళ్లించి, 300 వోల్టులకు పైనే కెపాసిటర్లలో నిలవ చేస్తాను. ఆ తర్వాత సెకనుకు వేలసార్లు తుంపులు తుంపులుగా కోసి, చిన్న ట్రాన్స్‌ఫార్మర్ గుండా తోసి, 12, 5, 3.3 వోల్టులుగా వడ్డిస్తాను. కోత ఎంత వేగంగా ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ అంత చిన్నదైనా సరిపోతుంది. ఇటుకంత పెట్టెలో ఇంత సంసారం ఇమిడిందంటే అదే కారణం.

నన్ను కొన్నది సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో. ఆ పేరు పూర్తిగా ఎవరూ అనరు, సీటీసీ అంటే చాలు. ఇంజినీరింగ్ రెండో ఏడు చదువుతున్న అమ్మాయి, చేతిలో చీటీ, పక్కన బాపు. నాలుగు దుకాణాలు తిరిగి మదర్‌బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ తీసుకుంది. అన్నీ అయ్యాక, మిగిలిన డబ్బుల్లో నేను. డబ్బా మాత్రం కొనలేదు. హాస్టల్లో సీనియర్ ఒకామె తన పాత డబ్బా ఉత్తపుణ్యానికే ఇచ్చేసింది. వెయ్యో రెండు వేలో మిగిలాయని తండ్రీకూతుళ్లు సంబరపడ్డారు. జూబ్లీ బస్టాండ్‌లో కరీంనగర్ బస్సెక్కాం. సిద్దిపేట దాటేదాకా నేను బాపు ఒళ్లోనే ఉన్నాను. ఆయన నన్ను పట్టుకున్న తీరు చూస్తే, లోపల గుడ్లున్నాయనుకుంటారు ఎవరైనా.

ఇంట్లో చాప మీద పాత దుప్పటి పరిచి, వీడియో చూస్తూ అన్నీ బిగించింది. నాలోంచి వచ్చే 24 పిన్నుల తీగను బోర్డుకు, 8 పిన్నుల తీగను ప్రాసెసర్ పక్కన గట్టిగా నొక్కింది. అక్కడ తప్పేమీ లేదు. చెయ్యి తిరిగిన వాళ్లే ఆ 8 పిన్నులది మరిచిపోతుంటారు, ఈ పిల్ల మరవలేదు. వాళ్లమ్మ డబ్బాకు పసుపూ కుంకుమా పెట్టి అగరుబత్తి వెలిగించింది. వెనక నా స్విచ్ వేయగానే బోర్డు మీద చిన్న దీపం వెలిగింది. అది నేను పంపిన 5 వోల్టులే. కంప్యూటర్ నిద్రలో ఉన్నా నేను మేలుకునే ఉంటాను, పిలుపు వినాలి కదా.

పిలుపంటే చెప్పాలి. మా పాతకాలం పీసీల్లో ముందు స్విచ్చే గోడ కరెంటును తెంపేది, కలిపేది. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ పద్ధతి తెచ్చాక ఆ మీట కేవలం అర్జీ అయిపోయింది. మీట నొక్కితే బోర్డు మీద రెండు పిన్నులు క్షణంపాటు కలుస్తాయి. అప్పుడు బోర్డు నా తీగల్లో ఒకదాన్ని నేలకు, అంటే గ్రౌండ్‌కు, లాగుతుంది. అది నాకు 'లే' అన్నట్టు. లేచి, అన్ని వోల్టులూ కుదురుకున్నాయని చూసుకుని, మరో తీగ మీద 'అంతా బాగుంది' అని కబురు పంపుతాను. అర సెకను కూడా పట్టదు. ఆ కబురు అందేదాకా ప్రాసెసర్ ఒక్క అడుగు కూడా వేయదు.

అమ్మాయి మీట నొక్కింది. లేచాను. లేచీ లేవగానే నా 12 వోల్టులు ఎవరో పీల్చేసినట్టు ఎటో పోయాయి. ఎక్కడో అడ్డదారిన నేలకు తగులుతోంది. ఎక్కడో నాకు కనిపించదు, తగులుతోందన్నదే తెలుస్తుంది. వెంటనే మూసేశాను. ఫ్యాన్ పావు చుట్టు తిరిగి ఆగింది.

"తిరిగింది!" అన్నాడు బాపు.

"ఆగింది" అంది అమ్మ.

మళ్లీ నొక్కారు. ఈసారి పావు చుట్టు కూడా లేదు. అలా ఒకసారి మూశానంటే, వెనక స్విచ్ ఆపి కాసేపాగి వేస్తే తప్ప నేను తలుపు తీయను. నా జాతిలో చాలామంది తీరు ఇదే. బయటివాళ్లకు మాత్రం ఇది చావులాగే కనిపిస్తుంది.

ఇక మొదలైంది. ఎక్స్‌టెన్షన్ బాక్సులో ఫోన్ ఛార్జర్ పెట్టి చూశారు, ఎక్కుతోంది. పక్కింటాయన వచ్చి ఎర్తింగ్ లేదన్నాడు. ర్యామ్ తీసి, దాని బంగారు పళ్లను రబ్బరుతో తుడిచి పెట్టారు. కొత్త ర్యామ్‌కు మురికెక్కడిది? అయినా ఆ తుడవడం ఒక ఆచారం, సత్యనారాయణ వ్రతంలో కలశం లాగా. బాపు ఓపిక అయిపోయింది.

"పాత టీవీ లెక్క నెత్తి మీద ఒక్కటి సరువు, అదే వస్తది."

"బాపూ! ముట్టకు!"

కొన్న దుకాణానికి ఫోన్ చేసింది. అటు మనిషి లక్షణాలు పూర్తిగా వినను కూడా లేదు. "ఎస్‌ఎంపీఎస్ పోయింటదమ్మా. తీసుకరా, కంపెనీకి పంపుదాం. పది పదిహేను దినాలైతది."

ఫోన్ స్పీకర్‌లో ఉంది. నేను అడుగు దూరంలో ఉన్నాను.

ఆ పిల్ల కంటే నాకే ఎక్కువ కోపం వచ్చింది. నేను మూసుకోకుండా దొడ్డమనసుతో వడ్డిస్తూ పోయుంటే, ఆ కొత్త బోర్డు మీద పొగ లేచేది. అప్పుడు మాత్రం 'పాపం, ఎస్‌ఎంపీఎస్ బాగానే పనిచేసింది' అనేవాళ్లేమో.

సాయంత్రం మేనమామ వచ్చాడు. కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గర సందులో ముప్ఫై ఏళ్లు టీవీలు బాగుచేసిన మనిషి. సాలిడేర్, డయనోరా పెట్టెలు విప్పిన చేతులవి. ఇప్పుడు ఆ దుకాణంలో ఎక్కువగా మిక్సీలొస్తాయి. చంకలో మల్టీమీటరు, రెండో చేతిలో చెక్కపలక. పలక మీద హోల్డరు, దానికి 100 వాట్ల పాత బల్బు. టీవీ మెకానిక్కుల సీరీస్ బల్బు అది. వెనకాల ఏదైనా షార్టయితే కరెంటంతా బల్బే మింగి భగ్గున వెలుగుతుంది, అవతలి సరుకు కాలదు.

"ఏమైంది కోడలా?"

"ఆన్ అయితలేదు మామా. ఎస్‌ఎంపీఎస్ పోయిందంటున్నరు."

"ఎవలు జూసిండ్రు?"

ఎవరూ చూడలేదు. ఆ ఒక్క ప్రశ్నకే ఆయన మీద నాకు గౌరవం కుదిరింది.

నన్ను ఊడదీసి బల్బు వెనకాల పెట్టాడు. స్విచ్ వేయగానే బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోయింది. నా కెపాసిటర్లు కడుపు నింపుకున్న మెరుపు అది. "లోపల షార్టు లేదు" అన్నాడు. నా మూత విప్పుదామని మాత్రం అనలేదు. ప్లగ్గు పీకినా ఆ కెపాసిటర్లలో మిగిలుండే వోల్టులు ఎంత గట్టిగా కొడతాయో టీవీలతో బతికినవాడికి వేరే చెప్పాలా?

"దీనికి పచ్చ తీగ ఏది? పచ్చదాన్ని నల్లదానికి కలిపితే లేస్తదని విన్న."

నా తీగలన్నీ నలుపే. ఈ మధ్య అందం కోసం మమ్మల్ని అలా చేస్తున్నారు, రిపేరు చేసేవాడి కళ్ల సంగతి ఎవరికి పట్టింది? అమ్మాయి ఫోన్‌లో వెతికి, 24 పిన్నుల్లో పదహారోదంది. కొక్కెం ఉన్న వరుసలో నాలుగోది. ఏ చివర నుంచి లెక్కపెట్టాలో ఇద్దరికీ కాసేపు వాదన. మామ వాదన ఆపి మల్టీమీటరు తీశాడు. ఆ వరుసలో ఒక్కో బొక్కలో ముల్లు పెడుతూ పోయాడు. సున్నా, సున్నా, సున్నా. ఒక్క చోట మాత్రం 5 వోల్టుల దరిదాపు చూపించింది. నేను పడుకున్నప్పుడు ఆ వరుసలో మేలుకునుండేది ఆ ఒక్క పిన్నే, పిలుపు వినే చెవి అది.

"గిదే!" అన్నాడు. కోడలి జడలోంచి స్లైడు లాగి, వంచి, దాన్నీ పక్కనున్న నేల పిన్నునూ కలిపాడు. నా ఫ్యాన్ గిర్రున తిరిగింది. ఆగలేదు. ముల్లు పెట్టి చూశాడు: 12.1, 5.0, 3.3.

"ఇది మంచిగనే ఉన్నది బిడ్డా. దీనికి లోపల ఏందో నచ్చుతలేదు, అందుకే లేస్తలేదు."

నా జీవితంలో నా గురించి ఎవరైనా అన్న మంచి మాట అదొక్కటే.

బోర్డును డబ్బాలోంచి పూర్తిగా బయటికి తీయమన్నాడు. దాన్ని అది వచ్చిన అట్టపెట్టె మీద పరిచి, ఒక్క ర్యామ్ మాత్రం ఉంచి, నా రెండు తీగలూ మానిటరూ తగిలించారు. మీట లేదు కాబట్టి ఆ రెండు పిన్నులనూ స్క్రూడ్రైవరు మొనతో తాకించింది అమ్మాయి. లేచాను. 12 వోల్టులు ఎటూ పోలేదు. 'అంతా బాగుంది' అని కబురు పంపాను, బోర్డు దాన్ని అందుకోవడం ఇదే మొదటిసారి.

తెర మాత్రం నల్లగానే ఉంది. పది సెకన్లు, ఇరవై, నలభై. డీడీఆర్5 ర్యామ్‌తో మొదటిసారి లేచే బోర్డు దాని తీరుతెన్నులు నేర్చుకోడానికి కాస్త టైం తీసుకుంటుంది. అది తెలియక మీట నొక్కి ఆపేసేవాళ్లే ఎక్కువ. ఈ ఇంట్లో ఎవరూ ఆపలేదు, ఊపిరే ఆపుకున్నారు. తెర వెలిగింది.

అందరూ తెర చూస్తుంటే మామ ఖాళీ డబ్బాలోకి టార్చి వేశాడు. బోర్డు అడుగున రేకుకు తగలకుండా ఎత్తి పట్టుకునే ఇత్తడి బుడిపెలుంటాయి, స్టాండాఫ్‌లంటారు. సీనియర్ అమ్మాయిది పెద్ద బోర్డు, దానికి తొమ్మిది. ఈ పిల్లది చిన్న బోర్డు, దీనికి ఎనిమిది చాలు. ఆ తొమ్మిదోది, రంధ్రమే లేని చోట, సరిగ్గా బోర్డు వెనకున్న సోల్డరింగ్ చుక్కలకు తల ఆనించి నిలబడి ఉంది.

పట్టుకారుతో రెండు తిప్పులు తిప్పి ఊడదీసి, అరచేతిలో పెట్టి చూపించాడు. శనగగింజంత ఉంది.

మళ్లీ అన్నీ బిగించారు. ఈసారి మీట అమ్మ నొక్కింది. అమ్మాయి దుకాణానికి ఫోన్ చేసి సంగతి చెబితే, అటు మనిషి "నేను జెప్పలే? చిన్నదే ఉంటదని" అన్నాడట.

మామ టీ తాగి, ఇత్తడి బుడిపెను చొక్కా జేబులో వేసుకుని, సీరీస్ బల్బు చంకన పెట్టుకుని లేచాడు. పోతూ పోతూ డబ్బా వెనక, నేనున్న చోట, అరచేత్తో రెండు దెబ్బలు చరిచాడు.

"మామా! మంచిగనే నడుస్తుంది గదా!"

"అందుకే" అన్నాడు, చెప్పులేసుకుంటూ.