పలక మీద ఇంగ్లండ్

రూటు మామకి కారు లేదు. లైసెన్సు స్కూటరు రోజుల్లో తీసుకున్నాడంటారు గానీ చూసినవాళ్లు లేరు. అయినా మార్కాపురంలో కారు తాళం చేతికి తీసుకున్నవాడెవడైనా తర్లుపాడు రోడ్డులో ఆయన అరుగు ముందు ఆగి తీరాలి. ఆగకపోతే ఆయనే ఆపుతాడు.

"యాడికిరా?"

"శ్రీశైలం మామా."

"ఎన్నింటికి?"

"రాత్రి అన్నాలు తినేసి, ఎనిమిదికి."

"అయితే పెళ్లాంపిల్లల్తో దోర్నాల్లో పండుకుంటావన్నమాట. తొమ్మిదికి అడివి గేటు ఏస్తారు. మళ్లీ తీసేది తెల్లారి ఆరుకి. నీ కోసం పులులు టైము మార్చుకుంటాయా?"

దోర్నాల దాటాక దాదాపు 50 కిలోమీటర్ల అడవి. దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం అది. దాని గేటు వేళలు మామకి కంఠతా వచ్చు. ఏ మలుపులో కోతులు కారెక్కుతాయో, సుండిపెంటలో టీ ఎక్కడ తాగాలో, ఎక్కడ తాగకూడదో కూడా చెప్తాడు. అన్నీ చెప్పి, "మీ ఇష్టం మరి" అంటాడు. మన ఇష్టం అప్పటికే అయిపోయి ఉంటుంది.

మా పడమటి ప్రకాశంలో ఈ జాతి మనుషులు ఊరికొకరుంటారు. ఉండరా మరి! ఒకపక్క నల్లమల, ఇంకోపక్క వెలిగొండలు. పిల్లలేమో హైదరాబాదు, బెంగళూరు. పండగొస్తే రావాలి, పోవాలి. కనుమ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి గదా. ఊరిని బట్టి రకం మారుతుంది. గిద్దలూరు రకం నంద్యాల దారిలో నంది కనుమతో మొదలుపెట్టి రైల్లోకి దిగుతుంది. 1880ల్లో దొరలు కట్టిన దొరబావి వంతెన మీద మీటరు గేజీ బండి పోతుంటే కిటికీలోంచి కింద లోయ ఎలా కనపడేదో చెప్పి, బ్రాడ్‌గేజీ వచ్చి దాన్ని వదిలేశారని నిట్టూర్చి, మీరడిగిన బస్సు సంగతి మర్చిపోతుంది. కంభం రకంతో ఇంకా కష్టం. మీరు తిరుపతి దారి అడిగినా సరే చెరువు కట్టమీదుగానే తీసుకుపోతుంది. విజయనగర రాజుల నాటి చెరువు, గుండ్లకమ్మకు అడ్డం కట్టింది, 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం వారసత్వ కట్టడంగా గుర్తించింది అని మొత్తం చెప్పాకే తిరుపతి.

మార్కాపురం రకం వేరు. ఇది రాసుకుంటుంది, అదీ పలక మీద.

మామ పలకల ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేసి దిగిపోయాడు. బడి పిల్లలు పలకలు మానేసి నోటుబుక్కులు పట్టాక ఫ్యాక్టరీలు ఇళ్లకు పరిచే బండలకూ ఎగుమతులకూ మళ్లాయి గానీ, మామ దగ్గర చెక్క ఫ్రేము పలకలు ఇంకా అరడజను పైనే ఉన్నాయి. ఒక్కో ప్రయాణానికి ఒక్కో పలక. మూడు గళ్లు గీస్తాడు: ఊరు, టైము, గుర్తు. సున్నా ఉంటే టీకి ఆగొచ్చు. ఇంటూ ఉంటే అద్దం కూడా దించొద్దు. త్రికోణం ఉంటే ఆడవాళ్లకు వసతిగా ఉంటుంది. పోయే కారువాడు దాన్ని ఫోన్లో ఫొటో తీసుకుంటాడు. "కాయితం మీద రాస్తే దానికి కట్టుబడాల్రా. పలకైతే ఉమ్మి తుడిచేయొచ్చు" అంటాడు మామ.

అలాంటి మామ కొడుక్కి ఇంగ్లండులో ఉద్యోగమొచ్చింది. "నాయనా, ఒక్కసారి అమ్మను తీసుకుని రా, పల్లెటూళ్లన్నీ కార్లో తిప్పుతా" అన్నాడు వాడు. ఆ మాట నోరుజారి అన్నాడో, ప్రేమకొద్దీ అన్నాడో గానీ, మర్నాటికి అరుగు మీద అన్నిటికంటే పెద్ద పలక లేచింది.

ఇప్పుడు మామకి ఇంగ్లండులో తెలియని సందు లేదు. మన లైసెన్సు అక్కడ ఏడాదిదాకా చెల్లుతుందట. ఎడమ పక్కే నడపాలి కాబట్టి మనకేం భయం లేదట. దూరాలు మాత్రం మైళ్లలో రాసి, పెట్రోలు లీటర్లలో పోస్తారట. "వాళ్లకే తేలలా ఇంకా" అని జాలిపడతాడు. నైరుతి కొస లాండ్స్ ఎండ్ నుంచి స్కాట్లండు చివర జాన్ ఓ గ్రోట్స్ దాకా 874 మైళ్లు, అంటే సుమారు 1,400 కిలోమీటర్లు అని అడక్కుండానే చెప్తాడు. కార్న్‌వాల్ సందుల్లో రెండు పక్కలా మనిషెత్తు పొదల కంచెలుంటాయి, ఒక్క కారే పడుతుంది, ఎదురుగా ఇంకొకటొస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాలి. దీని మీద ఆయన తీర్పు: "రివర్సు రానోడు కార్న్‌వాల్ పోగూడదు." లేక్ డిస్ట్రిక్ట్‌లో హార్డ్‌నాట్ అని ఒక కనుమ ఉంది. మూడడుగులు ముందుకు పోతే అడుగు పైకెక్కే నిట్రం. దాని పేరెత్తగానే మామ కుడికాలు అరుగు మీదే ఎక్సలేటరు తొక్కుతుంది.

అంతా బాగానే ఉంది గానీ దారి సాఫీగా సాగదు. కాట్స్‌వోల్డ్స్‌లో తేనెరంగు రాతి ఇళ్లు చూసి తిన్నగా ఉత్తరానికి పోవాల్సిన కారు ఉన్నట్టుండి ఎడమకు, వేల్స్‌లోకి తిరుగుతుంది. ఎందుకంటే అక్కడ పలకరాయి గనులున్నాయి. 2021లో యునెస్కో ఆ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వేల్స్ నుంచి బయటపడి లేక్ డిస్ట్రిక్ట్ చేరితే మళ్లీ హానిస్టర్ కనుమలో ఇంకో పలకరాయి గని. అక్కడ ఒక పూట.

అత్తయ్య తలుపు దగ్గర నుంచి అంతా వింటుంది. "ఊరి చుట్టూ రాళ్ల కుప్పలే గదయ్యా! ఇంకో రాళ్ల కుప్ప చూసేదానికి వీసా యెందుకు?"

"ఇయ్యి నల్లగుంటాయే. ఆడ ఆకుపచ్చయి."

కొడుకు ప్రతి ఎండాకాలం ఫోన్ చేస్తాడు. మామ ప్రతిసారీ ఒక నెల కొట్టేస్తాడు. మేలో రెండు బ్యాంకు సెలవులు, రోడ్లు జామ్. ఆగస్టులో వాళ్ల బడులకు సెలవులు, లాడ్జీలు దొరకవు. డిసెంబరులో నాలుగింటికే చీకటి. ఏప్రిల్లో గొర్రెలు ఈనతాయి, పిల్లలు రోడ్డుకడ్డం పడతాయి.

"పోనీ జూన్లో?" అంది అత్తయ్య.

"జూన్లో వానలు పడితే కంది యెయ్యాల గదా."

"చేనమ్మే గదా వాణ్ని పంపింది. మర్సిపోయినావా?"

మామ ఆ పూట పలక ముట్టుకోలేదు.

కొడుకు చేసిన తప్పు ఒక్కటే. "ఇదంతా ఎందుకు నాయనా, దారి గూగుల్ మ్యాప్ చెప్తుంది గదా" అన్నాడు. నెల రోజులు మాటల్లేవు. గూగుల్‌తో మామకి పాత పగ. "దానికి దగ్గర దారి తెలుసు, గేటు ఏసే టైము తెలుసా?" అంటాడు. ఈ ఒక్క విషయంలో నేను మామ పక్షమే.

ఇంతలో మా వీధిలోనే ఒక దంపతులు లెస్టర్లో ఉన్న కూతురి దగ్గరకు బయల్దేరారు. మామే పిలిచి పలక ఫొటో ఇచ్చాడు. వాళ్లు దాన్ని పట్టుకునే తిరిగారు. సున్నా ఉన్నచోట టీ దొరికింది. త్రికోణం ఉన్నచోట వసతి ఉంది. హానిస్టర్లో రాయి పచ్చగానే ఉంది. తిరిగొచ్చాక అరుగు మీద కూర్చుని ఫొటోలు ఒక్కొక్కటే చూపిస్తుంటే మామ కొండలూ చూళ్లేదు, సరస్సులూ చూళ్లేదు.

"హార్డ్‌నాట్ ఎక్కేటప్పుడు ఫస్టు గేరేనా?"

"ఫస్టు గేరే మామా. అల్లుడికి చెమటలు పట్టినాయి."

మామ మొహం కళకళలాడిపోయింది. అత్తయ్య లోపల్నుంచి, "అయితే ఈయన పోయొచ్చేసినట్టే" అంది. ఆ పలక తుడిచేశాడు. ఇప్పుడు దాని మీద కాశీ ఉంది.

ఈ మామని ఇంగ్లండు తీసుకుపోదామని మాలో కొందరికి ఇంకా ఆశ ఉంది గానీ, నా మాట వినండి, వద్దు. ఆయన కారెక్కితే మనకి దారి చెప్పేవాడుండడు. మీరెప్పుడైనా ఇటునుంచి శ్రీశైలం పోతుంటే మాత్రం తర్లుపాడు రోడ్డులో ఒక నిమిషం ఆగండి. టైము లేకపోతే ఇదొక్కటన్నా గుర్తుపెట్టుకోండి: ఎనిమిదిన్నరకల్లా దోర్నాల గేటు దాటాలి.