డాడ్జ్ సిటీ ఆటవెలదికి టీకా తాత్పర్యాలు

అవతారిక

1885 జూలై 24న, కాన్సస్ రాష్ట్రంలోని డాడ్జ్ సిటీ నుంచి, ఆపెరా హౌస్ సెలూన్ వారి లెటర్‌హెడ్ మీద, బ్యాట్ మాస్టర్సన్ అనే ప్రసిద్ధుడు హార్ట్‌ఫర్డ్‌లోని కోల్ట్ కంపెనీకి ఒక ఉత్తరం రాశాడు. నాకో రివాల్వర్ కావాలి, సొంత వాడకానికి కాబట్టి కాస్త ఎక్కువ శ్రద్ధ పెట్టండి, ఎక్కువ పనికి ఎక్కువ సొమ్ము ఇచ్చుకుంటాను అని దాని సారం. ఎలా ఉండాలో నాలుగైదు ముక్కల్లో చెప్పి సంతకం పెట్టేశాడు. సారా అంగడి కాగితం మీద పుట్టినంత మాత్రాన దాన్ని చిన్నచూపు చూడరాదు. సింగిల్ యాక్షన్ రివాల్వర్‌ను తన చేతికి, తన కంటికి అమరేలా దిద్దించుకోవడమనే శాస్త్రానికి ఇంతకన్న పొట్టి మూలగ్రంథం మరొకటి లేదు.

మూలం ఇంగ్లిషు వచనం. వచనానికి టీక రాయడం అంత పరిపాటి కాదు గనుక వ్యాఖ్యాతే దాన్ని ఆటవెలదిలోకి దించాడు.

మూలం

మీట తేలికగను మెత్తగా నడువంగ
ముందు గురియు నెత్తు మొద్దు గాను
తోపుడూచ కొలత తుదిదాక గొట్టంబు
చేసి పంపుమయ్య శిల్పివర్య!

యతులు: మీ–మె, ము–మొ, తో–తు, చే–శి. చివరిది సరసయతి. కనుక ఛాందసులు శాంతింతురు గాక.

ప్రతిపదార్థం

శిల్పివర్య = ఓ గన్‌స్మిత్ మహాశయా; మీట = ట్రిగ్గర్; తేలికగను = వేలికి బరువు తెలియకుండా; మెత్తగా = గీర, గరుకు లేకుండా; నడువంగ = పనిచేసేటట్లుగా; ముందు గురియు = బారెల్ కొసన ఉండే సైటు కూడా; ఎత్తు మొద్దు గాను = మామూలు దానికన్న పొడవుగా, మందంగా; తోపుడూచ = కాల్చేసిన తూటాల ఖాళీ తొడుగుల్ని బయటికి నెట్టే ఎజెక్టర్ రాడ్డు; కొలత తుదిదాక = అది ఎక్కడ ఆగుతుందో అక్కడిదాకా మాత్రమే; గొట్టంబు = బారెల్; చేసి = అలా పని పూర్తిచేసి; పంపుము = పార్సిల్ కట్టుము; అయ్య = ఇది బతిమాలడం.

తాత్పర్యం

ఓ గన్‌స్మిత్, నాకు కావలసింది కొత్త రకం తుపాకీ కాదు. లోకమంతటికీ ఒక్కటిగా చేసినదాన్ని నా ఒక్కడికి చేసి ఇయ్యి.

అధికారి నిర్ణయం

ఏ శాస్త్రానికైనా అధికారి, విషయం, సంబంధం, ప్రయోజనం అని నాలుగు చెప్పాలి. తక్కిన మూడూ పద్యంలోనే తెలుస్తున్నవి. అధికారి, అంటే ఈ శాస్త్రానికి అర్హుడు, మాత్రం విచారణీయుడు. ఈ శాస్త్రం అమెరికాది. అక్కడి తెలుగువారిలో గ్రీన్‌కార్డు, పౌరసత్వం వచ్చినవారికి వలస హోదా అడ్డురాదు. హెచ్-1బీ వీసా మీద ఉన్నవారికి మాత్రం, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు వంటి మినహాయింపు ఉంటే తప్ప, తుపాకీ దగ్గర ఉంచుకోవడమే కేంద్ర చట్టం ప్రకారం నేరం. డాలస్‌లో ఇల్లు కొన్నాం గదా, తుపాకీ కూడా కొందాం అనుకునే ఉత్సాహవంతులు ముందు వీసా కాగితం చదువుకోవాలి. స్వదేశంలో ఉన్నవారికి 1959 నాటి ఆయుధ చట్టమే ఉపనిషత్తు. అందులో ఐదో సెక్షన్ ప్రకారం తుపాకీ బాగుచేయడానికే లైసెన్సు కావాలి, ఆరో సెక్షన్ ప్రకారం గొట్టం కురచ చేయడానికీ కావాలి. కాబట్టి మూడో పాదం ఇక్కడ పఠనీయమే గాని ఆచరణీయం కాదు.

“మీట తేలికగను” — విశేషవ్యాఖ్య

దిద్దుబాట్లలో మాస్టర్సన్ మొదట అడిగింది ట్రిగ్గర్ పని. ఇక్కడే అతడు తెలిసినవాడని తేలిపోయింది. తెలియనివాడు పిడితో మొదలుపెడతాడు.

సింగిల్ యాక్షన్ అంటే ట్రిగ్గర్‌కు ఒకే పని ఉన్న యంత్రం. హ్యామర్‌ను బొటనవేలితో వెనక్కి లాగాలి. సిలిండర్ అప్పుడే తిరుగుతుంది, అప్పుడే బిగుస్తుంది. ట్రిగ్గర్ ఆ హ్యామర్‌ను వదిలిపెట్టడం తప్ప మరేమీ చేయదు. 1873లో అమెరికా సైన్యం తీసుకున్న కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీలో హ్యామర్ వెనక్కి పోతుంటే నాలుగు టిక్కులు వినిపిస్తాయి. కంపెనీ పేరులోనూ ఇంగ్లిషులో నాలుగక్షరాలే అని భక్తులు మురిసిపోతారు. వ్యాఖ్యాతకు ఇందులో అభ్యంతరం లేదు, భక్తి అలాగే ఉంటుంది.

ఆ హ్యామర్ అడుగున మూడు గాడులు. ఒకటి భద్రతకని చెప్పేది, ఒకటి సగం ఎత్తుకు, ఒకటి పూర్తి ఎత్తుకు. ట్రిగ్గర్ కొస పదునుగా వెళ్లి ఆ గాడిలో కూర్చుంటుంది. గన్‌స్మిత్ చేసేదల్లా ఆ రెండు తలాలు కలిసే చోట సన్నరాయితో నునుపు పెట్టడం, స్ప్రింగు బలం కొద్దిగా తగ్గించడం. చెప్పడానికి ఇంతే. అయితే ఆ ఉక్కుకు పైపొర ఒక్కటే గట్టిది. రాయి నాలుగు పట్లు ఎక్కువ పడితే పొర పోయి మెత్తని లోహం బయటపడుతుంది. నెల తిరక్కుండా గాడి అరుగుతుంది, ఆపైన హ్యామర్ తనకు తోచినప్పుడు పడుతుంది. అందుకే ‘తేలికగను’ అన్న కవి వెంటనే ‘మెత్తగా’ అన్నాడు. ఈ రెండూ పర్యాయపదాలు కావు, పునరుక్తి దోషం లేదు. బరువు మూడు పౌన్ల దగ్గర ఉన్నా గీర లేకపోతే వేలికి హాయి. రెండు పౌన్లకు దించి గీర వదిలేస్తే అది గన్‌స్మిత్ పని అనిపించుకోదు.

ఆక్షేపం: భద్రత గాడి ఉన్నదిగదా, ఆరు గదుల్లోనూ తూటాలు నింపుకోవచ్చునా?

సమాధానం: కూడదు. తుపాకీ చేయిజారి హ్యామర్ మీద పడితే ఆ గాడి విరగవచ్చు. పాత పద్ధతి తుపాకీలో ఐదే నింపి, హ్యామర్ కింద ఖాళీ గది ఉంచడం శిష్టాచారం. 1973లో రూగర్ కంపెనీ ట్రాన్స్‌ఫర్ బార్ అనే చిన్న పలకను మధ్యలో పెట్టింది. ట్రిగ్గర్ నొక్కి ఉంటే తప్ప హ్యామర్ దెబ్బ ఫైరింగ్ పిన్నుకు అందదు. తమ పాత రివాల్వర్లు పంపితే ఆ కంపెనీ ఉచితంగా ఈ మార్పు చేసి, తీసిన పాత భాగాల్ని కూడా వెంట పెట్టి పంపేది. పాఠం సవరించి మూలప్రతిని చింపకుండా వాపసిచ్చిన పరిష్కర్తలు మన సాహిత్యంలోనే తక్కువ.

“ముందు గురియు నెత్తు మొద్దు గాను”

మొద్దుతనం కంటి కోసం. సన్నని రేకు మసక వెలుతురులో కనబడదు. ఎత్తు సంగతి మాత్రం లెక్క. ముందు సైటు ఎంత ఎత్తైతే గుండు అంత కిందికి పోతుంది. ఇది కొత్తవారికి తలకిందులుగా తోస్తుంది. ఎత్తైన సైటును వెనక గాడిలో సమం చేయాలంటే మూతి దించాలి, అంతే. ఆకురాయితో అరగదీస్తే గుండు పైకి లేస్తుంది. అరగదీసినదాన్ని మళ్లీ పెంచడం మాత్రం అంత సులువు కాదు. ఎత్తుగా పంపండి అనడంలోని చమత్కారం ఇదే. మిగులు ఇనుము ఉంటే తర్వాత దిద్దుకోవచ్చు.

ఎంత దిద్దాలి? ముందు వెనక సైట్ల మధ్య దూరం ఆరంగుళాలు అనుకుందాం. పాతిక గజాల దూరంలో, అంటే 900 అంగుళాల్లో, గుండు మూడంగుళాలు కిందికి తగులుతున్నది. మూడును ఆరుతో గుణించి తొమ్మిది వందలతో భాగిస్తే అంగుళంలో యాభయ్యో వంతు. అరమిల్లీమీటరు! అందుకే బుద్ధిమంతులైన గన్‌స్మిత్‌లు మొదట ఏ తూటా వాడతావని అడుగుతారు. బరువైన, నెమ్మదైన గుండు గొట్టంలో ఎక్కువసేపు ఉంటుంది. ఆలోగా మూతి పైకి లేస్తుంది, తగలడమూ పైకే. తూటా చెప్పకుండా సైటు దిద్దమనడం అన్యాయం. కుడి ఎడమల తేడా వస్తే బారెల్‌నే ఫ్రేములో వెంట్రుకవాసి తిప్పుతారు. ఇది చూసేవారికి హింసలా ఉంటుంది గాని శాస్త్రసమ్మతమే.

“తోపుడూచ కొలత తుదిదాక గొట్టంబు”

కోల్ట్ గొట్టాలు మూడు కొలతల్లో ప్రసిద్ధం: అశ్వికదళానికి ఏడున్నర అంగుళాలు, ఆ తర్వాత ఐదున్నర, అన్నిటికన్న పొట్టిది నాలుగూ ముప్పాతిక. మాస్టర్సన్ అడిగింది దాదాపు ఈ మూడోది. అంతకన్న తగ్గిస్తే తోపుడూచకు చోటుండదు. 

ప్రక్షిప్త విచారం: వయట్ ఆర్ప్ అనే మరో డాడ్జ్ సిటీ వీరుడికి నెడ్ బంట్‌లైన్ అనే నవలాకారుడు పన్నెండంగుళాల గొట్టపు తుపాకీ బహూకరించాడని ఒక కథ ఉంది. ఇది స్టూవర్ట్ లేక్ 1931లో రాసిన జీవితచరిత్రతో ప్రచారమైంది. కోల్ట్ పొడవు గొట్టాలు చేసిన మాట నిజం. బహూకరణకు మాత్రం ఆధారం దొరకలేదు. కాబట్టి ఆ పన్నెండంగుళాలు తొలగించి చదువుకోవాలి.

“చేసి” — ధ్వని

పద్యానికి ప్రాణం ఈ రెండక్షరాలు. పైన అడిగినవన్నీ కంటికో వేలికో తెలిసేవి. అడగకపోయినా చేయవలసినవి ఇందులో ధ్వనిస్తున్నాయి. హ్యామర్ పూర్తి ఎత్తుకు చేరేవేళకే సిలిండర్ బిగుసుకోవాలి. ముందూ కాదు, వెనకా కాదు. సిలిండర్‌కూ బారెల్‌కూ మధ్య సందు అంగుళంలో వెయ్యింట నాలుగైదు వంతులు మించరాదు. గది మూతి గుండు వ్యాసానికి తగి ఉండాలి. .45 కోల్ట్‌కు రూగర్ చేసిన తుపాకుల్లో చాలావాటికి ఈ మూతి ఇరుకు. 0.452 అంగుళాల సీసపు గుండు ఆ ఇరుకులో నలిగి, బారెల్‌లోకి వదులుగా వెళ్లి, గురి చెడుతుంది. రీమర్‌తో ఆరు మూతులూ సమంగా తెరిస్తే అదే తుపాకీ మారుమనసు పొందుతుంది. ఈ పనికి మెరుపు లేదు, చుట్టాలకు చూపించుకోవడానికి ఏమీ లేదు. వ్యాఖ్యాత మతంలో డబ్బు పెట్టవలసింది దీనికే.

ఈ మార్గంలో పూర్వాచార్యుడు ఎల్మర్ కీత్. తాను 1920ల్లో పలువురు పనివాళ్ల చేత దిద్దించుకున్న, ‘ఐదో నంబరు’ అని పిలుచుకున్న కోల్ట్ గురించి 1929లో ‘అమెరికన్ రైఫిల్‌మన్’ పత్రికలో ‘ద లాస్ట్ వర్డ్’ అని వ్యాసం రాశాడు. ఇదే చివరి మాట అన్నమాట! ఆ తర్వాత జాన్ లైన్‌బా ఐదు గదుల పెద్ద సిలిండర్లు బిగించాడు, హామిల్టన్ బోవెన్ ఈ విద్య మీద పుస్తకమే రాశాడు. చివరి మాట అన్న తర్వాత ఇంత మాట్లాడుకున్న శాస్త్రం వేదాంతం తప్ప మరొకటి కనబడదు.

“పంపుమయ్య”

అమెరికాలో లైసెన్సున్న గన్‌స్మిత్‌కు సొంతదారు తుపాకీని నేరుగా పంపవచ్చు, వేరే రాష్ట్రమైనా సరే. పని అయ్యాక అతడూ నేరుగా తిప్పి పంపవచ్చు, కొత్తగా కొన్నప్పటి ఫారం మళ్లీ నింపనక్కర్లేదు. చట్టం ఇంత సుళువు చేసినా కాలం చేయలేదు. దసరాకి ఇస్తానని జాకెట్టు గుడ్డ పుచ్చుకున్న దర్జీలాగే గన్‌స్మిత్ కూడా నెలలు గడిపేస్తాడు. పేరున్నవాడైతే ఏళ్లు. ‘అయ్య’ అన్న సంబోధనకు అర్థం అక్కడ తెలుస్తుంది.

“శిల్పివర్య”

ఈ శిల్పులు తయారయ్యే చోట్లలో ఒకటి కొలరాడోలోని ట్రినిడాడ్. అక్కడి కాలేజీలో 1947 నుంచి గన్‌స్మితింగ్ చెబుతున్నారు. 1882లో ఆ ఊరి మార్షల్ ఎవరనుకున్నారు? మన మూలకర్త మాస్టర్సనే. మరుసటి ఏడు ఎన్నికల్లో జనం దింపేశారు.

విడిచిన పదాలు

ఉత్తరంలో నికెల్ పూత, గట్టాపర్చా అనే చెట్టుపాల పదార్థపు పిడి కూడా ఉన్నాయి. అవి ఆటవెలదిలో ఇమడలేదు. ఇది కవి అశక్తత అని కొందరు అనవచ్చు. నిజానికి ఔచిత్యం. పిడి అలంకారం, అలంకారం లేకపోయినా కావ్యం కావ్యమే. గట్టాపర్చా అని అడిగినా అప్పట్లో కోల్ట్ వేసింది గట్టి రబ్బరు. జనరల్ ప్యాటన్ 1916లో కొన్న కోల్ట్‌కు ఏనుగు దంతపు పిడి. దాన్ని ముత్యపు చిప్ప అన్నవారి మీద ఆయన మండిపడేవాడని ప్రతీతి. ఆ తర్వాత చాలాకాలం అమెరికన్లు మోజుపడ్డది సాంబార్ దుప్పి కొమ్ము. మన నల్లమలలో తిరిగే దుప్పే. 1990ల చివర భారత ప్రభుత్వం రాలిన కొమ్ముల ఎగుమతిని కూడా ఆపేసింది. అప్పటినుంచి అక్కడ పాత నిల్వలకు ధర పెరిగింది, ఇక్కడ అడవిలో రాలింది అడవిలోనే ఉంటోంది. ఇది మంచి తీర్పు.

పాఠకులకు మనవి: అధికారం ఉండి గన్‌స్మిత్‌కు తుపాకీ పంపేవారు ‘బాగా చేయండి’ అని రాయకండి. ఏ తూటా, ఎంత దూరం, ట్రిగ్గర్ ఎన్ని పౌన్లు అన్నవి కాగితం మీద పెట్టండి. పిడి సంగతి చివర రాయండి. పెట్టె మూసేముందు ఆరు గదులూ ఖాళీగా ఉన్నాయో లేదో రెండుసార్లు చూసుకోండి.