ఒక గోడ ఆత్మకథ

నేను అనంతపురములో ఒక యింటి గోడను. గోడలకు చెవులుండునందురు, నాకు నోరు కూడ లభించినది. ఎవరో నాపై ఆంగ్లములో ఒక ప్రకటన అంటించి పోయిరి. అద్భుతమునకై నిరీక్షింపుమని దాని భావము. ఖాళీ గదిలో చదువువారు లేక, ఆ వాక్యమును నేనే మోయుచు నిలిచియుంటిని.

1920లో బార్సిలోనాలో జన్మించి, జెస్యూట్ సంఘీయుడై 1952లో భారతదేశమునకు వచ్చి, మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతమున రైతులచేత బావులు త్రవ్వించి, ఆ కష్టమునకు గోధుమలును నూనెయు నిచ్చి, 1968లో దేశము విడువవలసినదను ఉత్తరువు నందుకొని, తనకొఱకు వేలకొలది కర్షకులు బొంబాయి దారిని నడవగా, ఇందిరాగాంధీ సమ్మతితో మరల వచ్చిన ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్, 1969లో నా యెదుట నిలిచి ఆ వాక్యమును చదివెను.

పరదేశికి ఈ సీమ సులభమైనది కాదు. అనంతసాగరమను చెరువు పేరనే వెలసిన ఊరిది. అయినను ఇచ్చటి వాన సాలుకు సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. నైరుతి మేఘములు పడమటి కనుమలమీదనే తమ భారము దించుకొనును. ఈశాన్యపు మేఘములు తీరమున కురిసి, ఇటు చేరుసరికి రిక్తహస్తములగును. 1876-78 నాటి ధాత కరువు ఇంకను ముసలివారి నోట మాటయై నిలిచియున్నది.

నా నీడకు వచ్చిన రైతులలో నొకడు ఇప్పటికిని నాకు జ్ఞాపకము. వాడు నాకు వీపు ఆనించి కూర్చుండగా, వాని చెమట నా సున్నమున కింకి చల్లగా తగిలెను. తువ్వాలు కొంగున ముడి విప్పి, గుప్పెడు ఎఱ్ఱగరుసు నేలపై పోసి, "సామీ, నాలుగు మట్లు తవ్వితిమి, ఇంగా చెమ్మ తగల్లేదు" అనెను. ఆ గరుసు పొడిగా జలజల రాలెను. అంతకుముందు ఎన్ని కరువుమాటలు విన్నను నాకు అర్థము కానిది, ఆ ధ్వనితో అర్థమైనది.

ఆ తరువాత ఈ యింట వారు ప్రొద్దుటనే పల్లెలకు పోవుటయు, రాత్రికి దుమ్ము కొట్టుకొని మరలుటయు నిత్యకృత్యమాయెను. 1970లో ఫెర్రరు జెస్యూట్ సంఘమును వీడి, ఆంగ్ల పాత్రికేయురాలు ఆన్ పెర్రీని వివాహమాడి, ఆమెతో కలిసి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును పెంచెను. బావులు, చెక్‌డ్యాములు, బడులు, బత్తలపల్లి ఆసుపత్రి, స్త్రీల పేరనే వ్రాసి యిచ్చిన యిండ్లు, ఒకదాని వెంట నొకటి వచ్చినవి. ఇందు ఏదియు ఆకాశమునుండి ఊడిపడలేదు. ప్రతిదాని వెనుకను పలుగు పట్టిన చేతులు, తట్ట మోసిన తలలు కలవు.

కరువు తీరిపోయెనని నేను చెప్పజాలను. బుడ్డల (వేరుసెనగ) చేలు నేటికిని వానకై మొగమెత్తి చూచుచున్నవి. 2009 జూన్ 19న ఆయన ఇచ్చటనే కన్నుమూసెను. బత్తలపల్లి మన్నులోనే విశ్రమించియున్నాడు.

అద్భుతమునకై నిరీక్షింపుమని చెప్పుచు నేను నిలిచియుంటిని, నాకు పాదములు లేవు గనుక. పాఠకులారా, మీకు కలవు, లేచి నడువుడు.