ఏలినవారి వేలిముద్ర

డిజిటల్ ప్రభువులకు కమలాపురం వాసి దండాలు. మీరు ఢిల్లీవారో అమరావతివారో మాకు తేడా తెలియదు, మా ముందున్న వేలిముద్ర మిషన్ ఒకటే కాబట్టి స్తుతి కూడా ఒకటే.

గుడికి సున్నం వేయాలన్నా, కాలువ పూడిక తీయాలన్నా ముందు పదిమందినీ కూర్చోబెట్టి అడిగే పాత అలవాటు మా పల్లెలది. ఆ శ్రమ మాకు తప్పించిన పుణ్యం మీది. 2009 జనవరిలో ఒక్క నోటిఫికేషన్‌తో ఆధార్ సంస్థను పుట్టించారు. కోట్లమంది వేళ్లూ కళ్లూ పట్టుకున్నాక, తీరిగ్గా 2016లో చట్టం తెచ్చారు. పెళ్లయిన ఏడేళ్లకు లగ్నపత్రిక రాసుకునే నిబ్బరం ఇంకెవరికుంటుంది?

మీరు అసలు అడగరనే మాట అబద్ధం. వ్యక్తిగత డేటా నిబంధనల ముసాయిదా మీద 2025 జనవరిలో అభిప్రాయాలు చెప్పమన్నారు. పైగా ఎవరు ఏం చెప్పారో ఎవరికీ, ఎప్పటికీ బయటపెట్టబోమని మాటిచ్చారు. గోప్యత అంటే అదీ! నేను చెప్పింది పక్కింటాయనకు తెలియదు, ఆయన చెప్పింది నాకు తెలియదు, మీరు విన్నారో లేదో ఇద్దరికీ తెలియదు.

మీ మహిమ చూడాలంటే చౌకదుకాణం దగ్గర నిలబడాలి. ఎర్రగుంట్ల వైపు నాపరాయి పనికి పోయే ఆడమనిషి మిషన్ మీద వేలు పెడుతుంది. రాళ్లు ఎత్తీ దించీ ఆ వేళ్ల గీతలు ఎప్పుడో అరిగిపోయాయి.

"పడల్యామ్మా. ఇంగో ఏలు పెట్టు."

కొంగుకు తుడుచుకుని ఇంకోటి పెడుతుంది.

"ఇదీ పడల్యా. తలకు రుద్దుకో, రోంత నూనె తగిల్తే పడ్తాదేమో."

రుద్దుతుంది. పది వేళ్లూ అయ్యేసరికి సర్వర్ నిద్రపోతుంది. "మధ్యాన్నం రా." ఆ రోజు కూలి పోయినా, రాళ్లు మోయకుండా ఒక దినం విశ్రాంతి దొరికిందంటే ఎవరి చలవ? కష్టపడి బతికినవాళ్లనే ఏరి ఏరి గుర్తుపట్టని యంత్రాన్ని కనిపెట్టడం సామాన్యమా?

2016-17 ఆర్థిక సర్వే ప్రకారం ఇలా గుర్తింపు కుదరనివి జార్ఖండ్‌లో 49 శాతం, మన కృష్ణా జిల్లాలో 5 శాతమే. ఆ 5 శాతం ఇళ్లలో పొయ్యి వెలిగిందా అని అడిగేవాళ్లకు గణితం రాదని అర్థం.

చిరకాలం నిలిచే వ్యవస్థ కడతామన్న మాట కూడా నిలబెట్టుకున్నారు. 2021 జనవరిలో బియ్యం ఇంటికే వస్తాయని వేలాది బండ్లు తెచ్చారు. 2025 జూన్ నుంచి మళ్లీ దుకాణానికే రమ్మన్నారు. బండి పోయింది, వేలిముద్ర మాత్రం చెక్కుచెదరలేదు. 2025 జనవరి 30న మన మిత్ర పేరిట 161 సేవలు వాట్సాప్‌లో పెట్టారు. ఫోను చేతకాని అవ్వకు మనవడున్నాడు. మనవడు బెంగళూరులో ఉన్నాడు. ఓటీపీ కూడా బెంగళూరికే పోతుంది. కుటుంబ బంధాలు ఇంతగా గట్టిపరిచిన ప్రభుత్వం ముందెన్నడూ లేదు.

అన్నిటికంటే మెచ్చుకోవాల్సింది మీ ముందుచూపు. 2006లో ఈ రాష్ట్రంలోనే ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీ మొదలైంది. మస్టర్లో ఉన్న పేర్లు, రాసిన కూలి ఊరందరి ముందు చదివేవాళ్లు. "నేను ఆ పొద్దు పనికే పోల్యా, నా పేరెట్లొచ్చె?" అని ఎవరో ఒకరు లేచేవాళ్లు. దొంగ మస్టర్లు బయటపడేవి. చదువురానివాళ్లు సైతం లెక్క అడగడం నేర్చుకున్నారు. మిషన్ల విషయంలో ఆ పొరపాటు జరగనివ్వలేదు మీరు. ఈ నెల ఎందరి వేలు పడలేదు, ఎవరి పేరు ఈకేవైసీ లేక ఆగింది అన్న జాబితా మా చెవిన పడనివ్వరు. పడితే మాట్లాడతాం. మాట్లాడితే మీరు వినాల్సి వస్తుంది, పాపం.

ఇంత చేసినవారిని చిన్న కోరిక కోరుతున్నాను. అభిప్రాయాలు అడగడానికి మీరు పెట్టే భాగస్వాముల సదస్సు ఈసారి ఏసీ హోటల్లో వద్దు. ఒకటో తేదీన మా కమలాపురం చౌకదుకాణం ముందు పెట్టుకోండి. కుర్చీలు మేమే వేస్తాం. ఆగిపోయిన పేర్ల జాబితా మాత్రం మీరు తెచ్చి గట్టిగా చదవండి.